బ్యాక్‌డోర్ ఉద్యోగానికి అమ్మ గాజులు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది సత్తుపల్లి. 2025లో బీటెక్ ఈసీఈ పూర్తి చేశాను. తొమ్మిది నెలలుగా అమీర్‌పేట హాస్టల్‌లో ఉండి జావా ఫుల్‌స్టాక్ నేర్చుకుంటూ ఉద్యోగం కోసం తిరుగుతున్నాను. హాస్టల్‌కు 6,500, పైఖర్చులకు 2,500 నాన్న పంపుతున్నారు. మాకున్నది ఒక్క కిరాణా కొట్టే. ఏడాదికి లక్ష చొప్పున తీసుకున్న 4 లక్షల ఎడ్యుకేషన్ లోన్ ఉంది, వడ్డీ 10 శాతం. ఇంకో మూడు నెలల్లో కిస్తీలు మొదలవుతాయి. 2 లక్షలు కడితే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. అమ్మ గాజులు తాకట్టు పెడదామంటున్నారు నాన్న. ఇంకోపక్క గచ్చిబౌలిలోని ఒక కాల్ సెంటర్‌లో చేతికి 15,500 వచ్చే ఉద్యోగం ఉంది. అందులో చేరితే కెరీర్ అక్కడితో ఆగిపోతుందని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు గాజుల సంగతి. వద్దు. మీ నాన్నగారికి ఈ ఉత్తరం చూపించండి.

రెండేళ్ల క్రితం మీలాంటి అబ్బాయే ఒకరు తండ్రిని వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చారు. ఇలాంటి కన్సల్టెన్సీకే లక్షా ఎనభై వేలు కట్టిన రసీదు తెచ్చారు. దాని మీద ‘శిక్షణ రుసుము’ అని ఉంది. ఎంత తిప్పి చూసినా ఉద్యోగం అన్న మాట ఎక్కడా లేదు. రేపు ఎవరినైనా నిలదీయాలన్నా ఆ కాగితం పనికిరాదు. పిల్లాడు మూడు నెలలు ఒక గదిలో పాత వీడియోలు చూశాడు, తర్వాత కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్లు ఎత్తడం మానేశారు.

మీ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది, అది ‘రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్’ అన్న మాట. 2025లో చదువు పూర్తయిన మనిషికి రెండేళ్ల అనుభవం ఎలా వస్తుంది? ఇప్పుడు చాలా కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ యూఏఎన్ (ఉద్యోగికి ఇచ్చే పీఎఫ్ ఖాతా నంబరు) తీసి సర్వీస్ హిస్టరీ, అంటే ఎక్కడెక్కడ పనిచేశారో చూస్తున్నాయి. అందులో లేని ఉద్యోగం రెజ్యూమేలో ఉంటే చేరిన ఆరు నెలలకైనా పంపించేస్తారు. మన డబ్బే మనకు జీతంగా తిప్పి, పీఎఫ్ కూడా కట్టి చూపించే ఘనులూ ఉన్నారు. అది మరీ ప్రమాదం, ఎందుకంటే అప్పుడు అబద్ధం మీ పేరు మీదే రికార్డులోకి ఎక్కుతుంది.

డబ్బు లెక్కలో చూసినా ఈ బేరం గిట్టదు. మీ ఉద్యోగ వేటకు నెలకు ఎంతవుతోందో ఎప్పుడైనా రాసుకున్నారా? హాస్టల్, పైఖర్చులు కలిపి 9,000. లోన్ మీద పేరుకుంటున్న వడ్డీ 3,300 పైచిలుకు. మొత్తం 12,300 అనుకోండి. వాళ్లు అడుగుతున్న 2 లక్షలతో మీరు పదహారు నెలలు వెతుక్కోవచ్చు. పైగా తాకట్టు వడ్డీ నూటికి రూపాయి వేసుకున్నా నెలకు 2,000 అదనం.

కాల్ సెంటర్‌లో చేరండి, నా మాట అదే. అది నచ్చిన ఉద్యోగం కాదని తెలుసు. దాన్ని కెరీర్ అనుకోకండి, వేట ఖర్చు భరించే పని అనుకోండి. 15,500లో మీ ఖర్చు 9,000 పోతే 6,500 మిగులుతుంది. నాన్నగారి మీద భారం ఆ నెలతో ఆగుతుంది. నా అనుభవంలో ఇంకో లాభం కూడా చూశాను. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుంటూ ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లల గొంతులో ఒక రకమైన టెన్షన్ ఉంటుంది, హెచ్‌ఆర్ వాళ్లు ఏ జీతం చెప్పినా తలూపేస్తారు. సొంత జీతం ఉన్నవాళ్లు కాస్త నిబ్బరంగా మాట్లాడతారు. అయితే నైట్ షిఫ్ట్ చేసి వచ్చి చదవడం తేలిక కాదు. వారానికి రెండు రోజుల సెలవుల్లో ఒకటి పూర్తిగా ప్రాక్టీసుకు, అప్లికేషన్లకు ఉంచుకోవాలి. అది కుదరకపోతే నా సలహా సగం వృథా.

చేరే ముందు ఒక్కటి చూసుకోండి. మీరు ఈసీఈ చదివి, ఆ కోర్సును వదిలేసి జావా వెంట పడ్డారు. ఈసీఐఎల్, బీడీఎల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలు మన హైదరాబాద్‌లోనే గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లను, అంటే స్టైపెండ్ మీద పని నేర్చుకునే డిగ్రీవాళ్లను తీసుకుంటాయి. నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం) పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి, దానికి పైసా ఖర్చు లేదు. 2019 నిబంధనల్లో స్టైపెండ్ కనీసం 9,000గా ఉండేది, ఇప్పుడెంతో నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఆ 9,000 అయితే మీ ఖర్చుకు సరిగ్గా సరిపోయి ఏమీ మిగలదు కాబట్టి డబ్బుపరంగా కాల్ సెంటరే నయం. కానీ చేతికి మీ చదువుకు తగిన పని, సర్టిఫికెట్ వస్తాయి. మెలిక ఎక్కడుందంటే, చదువు తర్వాత ఏడాది, అంతకు మించి ఉద్యోగం చేసినవాళ్లను మామూలుగా దీనికి తీసుకోరు. అందుకని కాల్ సెంటర్‌లో చేరినా ఏడాది నిండకముందే నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.

ఇక లోన్. మీలో ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే, బ్యాంకు వైపు వెళ్లాలంటేనే భయం. మారటోరియంలో, అంటే కిస్తీలు మొదలయ్యేదాకా ఇచ్చిన గడువులో పడేది బారువడ్డీ (వడ్డీ మీద వడ్డీ ఉండదు), గడువు అయిపోగానే ఆ వడ్డీ అసలులో కలిసిపోతుంది. ఏటా లక్ష చొప్పున తీసుకున్నారు కాబట్టి కిస్తీ మొదలయ్యేనాటికి వడ్డీ దాదాపు 1.4 లక్షలై, మొత్తం 5.4 లక్షలకు చేరుతుంది. దాన్ని ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 8,965 కట్టాలి. మీ మిగులుకు అది అందదు. పదిహేనేళ్లకు పెట్టుకుంటే 5,800, అది అందుతుంది. కాకపోతే మొత్తం మీద 2.9 లక్షలు ఎక్కువ కడతారు. ఇప్పటికి పదిహేనేళ్లే అడగండి. జీతం పెరిగాక అదనంగా కడుతూ తగ్గించుకోవచ్చు, ఫ్లోటింగ్ వడ్డీ (రేటు మారుతూ ఉండే) లోన్లకు ముందే కట్టినందుకు పెనాల్టీ ఉండదు.

అయితే దానికంటే ముందు బ్రాంచ్‌లో ఒక ప్రశ్న అడగాలి: మా లోన్‌కు కేంద్ర వడ్డీ సబ్సిడీ వచ్చిందా? కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి, కోర్సుకు ఎన్‌బీఏ లేదా కాలేజీకి న్యాక్ గుర్తింపు (రెండూ చదువుల నాణ్యతను చూసే జాతీయ సంస్థలు) ఉంటే, మారటోరియం కాలపు వడ్డీ ప్రభుత్వమే కట్టే పథకం ఉంది. కిరాణా కొట్టు ఆదాయం అంతకు లోపే ఉంటుందని అనుకుంటున్నాను. మీ లోన్ ఆ పథకం కిందికి వస్తే 1.4 లక్షల్లో చాలా భాగం మీ నెత్తిన ఉండదు. లోన్ తీసుకునేటప్పుడు తహసీల్దార్ ఆదాయ సర్టిఫికెట్ ఇచ్చారో లేదో నాన్నగారిని గుర్తు చేసుకోమనండి.

ఒకవేళ చేతిలో ఏ జీతమూ లేకుండానే ఆ తేదీ వచ్చిపడితే, బ్యాంకులు పాటించే ఉమ్మడి ఎడ్యుకేషన్ లోన్ నమూనా పథకంలో నిరుద్యోగం ఉన్నప్పుడు ఆరు నెలల వరకు కిస్తీలు వాయిదా వేసే వెసులుబాటు ఉంది. అడిగితేనే ఇస్తారు, అదీ కిస్తీ తప్పకముందే రాతపూర్వకంగా అడగాలి. కిస్తీ బాకీ తొంభై రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. సహరుణగ్రహీతగా నాన్నగారు సంతకం పెట్టి ఉంటారు కాబట్టి ఆయన సిబిల్ స్కోరు (అప్పులు ఎలా కడుతున్నారో చూపే మార్కు) కూడా పడిపోతుంది, రేపు కొట్టుకు సరుకు కోసం లోన్ అడిగితే అదే అడ్డం వస్తుంది. మీరు బ్యాంకు పరీక్షలు రాద్దామనుకున్నా ఇబ్బందే. ఎస్‌బీఐ నోటిఫికేషన్లలో అప్పు ఎగవేత రికార్డు ఉన్నవాళ్లు అనర్హులని స్పష్టంగా రాస్తారు.

వచ్చే వారం బ్యాంకుకు శాంక్షన్ లెటర్, పాస్‌బుక్, ఆదాయ సర్టిఫికెట్ పట్టుకుని నాన్నగారితో కలిసి వెళ్లండి. కాల్ సెంటర్ ఆఫర్ లెటర్‌లో బాండ్ (ఇంతకాలం మానకూడదన్న ఒప్పందం) ఎన్ని నెలలో, నోటీసు పీరియడ్ ఎంతో చదవండి. రాత్రి షిఫ్ట్‌కు క్యాబ్ ఇస్తున్నారా, దాని డబ్బు జీతంలో కోస్తారా కూడా అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే మాత్రం ఒప్పుకోకండి, చూపించి జిరాక్స్‌లు ఇచ్చి వచ్చేయండి.