ఆర్డరు చేతికొచ్చాకే చేరు, బుజ్జీ

బుజ్జీ,

నీకు విశాఖపట్నంలో సిస్టర్ల స్కూల్లో ఉద్యోగం ఖాయమయ్యేలా ఉందని, జూన్‌లో చేరమంటున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇంటి నుంచి ఇంకో టీచరమ్మ బయల్దేరుతోందంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. ఆ ఊళ్లోనే, అలాంటి స్కూల్లోనే తెలుగు చెప్పి రిటైరైనదాన్ని కదా.

కానీ మీ అమ్మ ఇంకో మాట కూడా అంది. "ప్రిన్సిపాల్ సిస్టర్ గారు చాలా మంచావిడ అక్కా, అపాయింట్‌మెంట్ ఆర్డరుదేముంది, మెల్లగా ఇస్తామన్నారు" అంది. అది విన్నప్పటి నుంచి నాకు టెన్షన్ తగ్గలేదు. ఆ మాట మీ అమ్మ నోటి నుంచి ఎలా వచ్చిందో నాకు అర్థం కావడం లేదు. ఎందుకో కింద రాస్తాను, ఓపికగా చదువు.

మామూలు విషయాలు ముందు చెప్పేస్తాను. బీఈడీ, టెట్ సర్టిఫికెట్లు చూపించి వెంటనే వెనక్కి తీసుకో, జిరాక్సులే ఇవ్వు. ఒరిజినల్స్ ఎక్కడా వదలొద్దు. ఇల్లు స్కూలుకి దగ్గర్లో చూసుకో, గాజువాక అవతల నుంచి రోజూ బస్సులో వస్తే సగం ఓపిక దారిలోనే అయిపోతుంది. గొంతు జాగ్రత్త. క్లాసులో గోల మొదలైతే నువ్వు మాట్లాడటం ఆపు, వాళ్లే ఆపుతారు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు చేరుతున్నది ఆ ప్రిన్సిపాల్ సిస్టర్ దగ్గర కాదు, ఆవిడ ఉన్న సభ, అంటే ఆ సిస్టర్లంతా సభ్యులుగా ఉండే సన్యాసినుల సంఘం దగ్గర. ఆ తేడా తెలియాలంటే వాళ్ల పద్ధతి తెలియాలి. ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న అన్నెసీ అనే ఊరి నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు 1846లో విశాఖపట్నం వచ్చారు. మరుసటి ఏడే పాత ఊళ్లో సెయింట్ అలోషియస్ స్కూలు మొదలైంది. 1849లో అదే అన్నెసీ నుంచి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు ఓడ దిగారు, ముందు యానాంలో, తర్వాత విశాఖలో. ఫ్రాన్స్‌లో వాళ్ల మూల సభ పుట్టింది 1650లో. జ్ఞానాపురంలో ఆడపిల్లల కోసం 1958లో సెయింట్ జోసెఫ్స్ కాలేజీ పెట్టిందీ ఆ సిస్టర్లే. విజయవాడ ఆంధ్రా లయోలా జెసూట్ ఫాదర్లది, మేరిస్ స్టెల్లా ఇంకో సభ సిస్టర్లది. ఒక్కో సభకు ఒక్కో ప్రొవిన్షియల్, అంటే పై అధికారి, ఒక్కో పద్ధతి. బిషప్ గారి కింద నడిచే ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్ మిషన్) స్కూళ్లు మళ్లీ వేరు. కాథలిక్ స్కూళ్లన్నీ ఒకటే అనుకుని, ఒక చోట విన్న రూలు ఇంకో చోట కూడా ఉంటుందనుకోకు.

ఆ సిస్టర్లు జీవితాంతం మూడు వ్రతాలకు కట్టుబడి ఉంటారు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత. బయటివాళ్లం మొదటి రెండూ చూసి ఆశ్చర్యపోతాం. మన ఉద్యోగానికి సంబంధించింది మాత్రం మూడోది. పైనుంచి ట్రాన్స్‌ఫర్ వచ్చిందంటే ఎంత పేరున్న ప్రిన్సిపాలైనా పెట్టె సర్దుకుని వెళ్లిపోవాల్సిందే. ఎక్కువగా వేసవి సెలవుల్లోనే వెళ్తారు. జూన్‌లో నువ్వు స్కూలుకి వచ్చేసరికి ఆ కుర్చీలో నీకు తెలియని మనిషి ఉండొచ్చు.

మీ అమ్మ నీకెప్పుడూ చెప్పి ఉండదు. నువ్వు పుట్టకముందు తనూ టీచరే. వేరే జిల్లాలో, సిస్టర్లు నడిపే ఒక ఎయిడెడ్ హైస్కూల్లో లెక్కలు చెప్పేది. స్కూలు ఎయిడెడే గానీ మీ అమ్మ పోస్టు అన్‌ఎయిడెడ్, అంటే జీతం మేనేజ్‌మెంట్ ఇస్తుంది. స్టాఫ్ రూమ్‌లో పక్క కుర్చీలో కూర్చుని అదే పని చేసే టీచరుకి ప్రభుత్వం నుంచి పూర్తి స్కేలు వచ్చేది, మీ అమ్మకి అందులో సగం కూడా వచ్చేది కాదు. అప్పటి హెడ్‌మిస్ట్రెస్ మదర్ గారికి మీ అమ్మంటే ప్రాణం. జ్వరమొస్తే కాన్వెంట్ నుంచి గంజి కాయించి పంపేవారు. "లెక్కల టీచరు రిటైరవగానే ఆ పోస్టు నీదే, నేను చూసుకుంటాను" అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. నిజంగానే ఇద్దామనుకున్నారు.

అందుకే మీ అమ్మ ఏ కాగితమూ అడగలేదు. అడిగితే నమ్మలేదని మదర్ గారు నొచ్చుకుంటారేమోనని. అపాయింట్‌మెంట్ ఆర్డరు లేదు, పీఎఫ్ లేదు, అటెండెన్స్ రిజిస్టర్‌లో సంతకం తప్ప తను అక్కడ పని చేసినట్టు రుజువే లేదు. మధ్యలో డీఎస్సీ పడింది. నేను అప్లికేషన్ తెచ్చి చేతిలో పెట్టాను. "మదర్ గారు మాట ఇచ్చారు, ఇప్పుడు వెళ్లిపోతే బాగోదు అక్కా" అని నింపకుండానే పక్కన పెట్టేసింది. ఆ ఏడు తనకంటే తక్కువ మార్కులొచ్చిన స్నేహితురాలు జిల్లా పరిషత్ హైస్కూల్లో చేరింది.

తర్వాత ఒక మే నెలలో మదర్ గారికి ఉత్తరాదికి ట్రాన్స్‌ఫర్ అయింది. కొత్తగా వచ్చిన సిస్టర్‌కి ఈ మాట సంగతే తెలియదు. మీ అమ్మ చెబితే పాపం ఫైళ్లు వెతికించారు. ఏమీ లేదు. పోస్టు ఖాళీ అయినప్పుడు పద్ధతి ప్రకారం ప్రకటన ఇచ్చి, డీఈఓ ఆఫీసులో ఆమోదం పొందేలా కాగితాలన్నీ ఉన్న వేరే అమ్మాయిని తీసుకున్నారు. మీ అమ్మ ఇంకో ఏడాది అదే జీతానికి పని చేసి మానేసింది. మళ్లీ ఏ స్కూలు గుమ్మం ఎక్కలేదు.

మదర్ గారు ఆ తర్వాత క్రిస్మస్ కార్డులు పంపేవారు. మొదటి కార్డులో, రాసి పెట్టకుండా వచ్చేశాను, క్షమించమని రాశారు. మీ అమ్మ ఇప్పటికీ ఆవిడని ఎవరినీ ఒక్క మాట అననివ్వదు. నేనూ అనను. కానీ మీ అమ్మ మీద మాత్రం నా కోపం ఇంకా చల్లారలేదు. తను బోర్డు మీద లెక్క చేస్తుంటే ఆఖరి బెంచీ పిల్లలు కూడా లేచి నిలబడి చూసేవాళ్లు. అలాంటి మనిషి ఒక్క కాగితం అడగడానికి మొహమాటపడి, ఆ లెక్కలన్నీ నీ ఒక్కదానికే చెప్పుకుని ఊరుకుంది. నీకు ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చినప్పుడు తను ఏడిస్తే సంతోషమనుకున్నావు. సంతోషం ఒక్కటే కాదమ్మా అది.

కాబట్టి విను. ఎయిడెడ్ పోస్టు వస్తుందని ఎవరు చెప్పినా ఆశ పెట్టుకోకు. ఆ పోస్టుల భర్తీ ఏళ్లుగా సరిగ్గా లేదు. 2021లో ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని తనకు అప్పగించమని మేనేజ్‌మెంట్లను అడిగినప్పుడు తల్లిదండ్రులు, పిల్లలు రోడ్డెక్కితే, వద్దనుకున్నవాళ్లు పాత పద్ధతిలోనే ఉండొచ్చని చెప్పాల్సి వచ్చింది. నీది మేనేజ్‌మెంట్ పోస్టే అనుకుని లెక్క వేసుకో.

ఆర్డరు మీద ప్రిన్సిపాల్ గారి సంతకం ఒక్కటే ఉంటే చాలదు, మేనేజ్‌మెంట్ తరఫున స్కూలు వ్యవహారాలు చూసే కరస్పాండెంట్ సంతకం, స్టాంపు ఉండాలి. పోస్టు పేరు, చెప్పాల్సిన సబ్జెక్టు, జీతం, ప్రొబేషన్ ఎన్నాళ్లు, అన్నీ అందులో రాసి ఉండాలి. ఇరవై మంది లేక అంతకు మించి పని చేసే చోట పీఎఫ్ కట్టాలి, మొదటి నెలలోనే యూఏఎన్, అంటే నీ పీఎఫ్ నంబరు అడుగు. వేసవి సెలవుల జీతం ఇస్తారా అని తప్పకుండా అడుగు. ఏప్రిల్లో మాన్పించినట్టు రాసి జూన్లో కొత్తగా చేర్చుకునే అలవాటు కొన్ని చోట్ల ఉంది, దానికి మాత్రం ఒప్పుకోకు. ఐదేళ్లు ఆగకుండా పని చేస్తే ప్రైవేటు స్కూలు టీచర్లకూ గ్రాట్యుటీ వస్తుంది. 2009లో చట్టం సవరించి, 1997 ఏప్రిల్ నుంచి వర్తిస్తుందన్నారు, 2022లో సుప్రీంకోర్టు కూడా అది సరేనంది. సర్వీసు మధ్యలో తెగినట్టు రాస్తే రేపు అక్కడే పేచీ వస్తుంది.

మీ బాబాయి భయం వేరు. మతం మార్చేస్తారేమో అంటున్నాడట. నా సర్వీసులో నన్నెవరూ ఒక్క మాట అనలేదని చెప్పు. పొద్దున అసెంబ్లీలో ప్రార్థన ఉంటుంది, కాథలిక్ పిల్లలకు సత్యోపదేశం, అంటే వాళ్ల మత పాఠం, మిగతావాళ్లకు మోరల్ సైన్స్. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూల్లో ఇష్టం లేకుండా ఎవరినీ మత బోధనలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. మార్చి 19 సెయింట్ జోసెఫ్ పండుగ, డిసెంబరు 8న కొండగుడి మేరీమాత ఉత్సవం. బొట్టు పెట్టుకునే వెళ్లేదాన్ని, ఆ గుడి ఉన్న రాస్ హిల్ మెట్లు పిల్లలతో కలిసి ఎక్కేదాన్ని.

ఒకటి మాత్రం ముందే తెలుసుకుని వెళ్లు. మైనారిటీ సంస్థలకు తమ స్కూళ్లు తామే నడుపుకునే హక్కు 30వ అధికరణం ఇచ్చింది, ప్రిన్సిపాల్ కుర్చీ మామూలుగా వాళ్ల సిస్టర్లదే. నువ్వెంత బాగా పని చేసినా ఆ కుర్చీ కోసం ఎదురుచూడకు. నాకు దానివల్ల బాధ కలగలేదు. నాకు నచ్చింది క్లాసు. రైల్వేలో, పోర్టులో పని చేసేవాళ్ల ఆడపిల్లలు, ఇంట్లో చదివేవాళ్లే లేని పిల్లలు, పదో తరగతికి వచ్చేసరికి పోతన పద్యం తప్పు లేకుండా అప్పజెప్పేవాళ్లు. ఫీజు కట్టలేక ఆగిపోయిన పిల్ల ఇంటికి సిస్టర్ గారు నడిచి వెళ్లి పిలుచుకు రావడం నా కళ్లతో చూశాను. నువ్వూ చూస్తావు. అలాంటి చోట పని చేయడానికి పెట్టి పుట్టాలి.

అడగడానికి భయపడకు. "సిస్టర్ గారూ, ఆర్డరు ఇస్తే ఒకటో తారీఖున చేరతానండి" అను. అంతే, కారణాలు చెప్పక్కర్లేదు. వాళ్లు ప్రతిదీ రిజిస్టర్లో రాసుకునే మనుషులు, ఏమీ అనుకోరు. ఇచ్చాక సంతకం పెట్టేముందు ఫొటో తీసి నాకు పంపు. రాత్రి ఎంత పొద్దుపోయినా మేలుకునే ఉంటాను. ఈ ఉత్తరం మీ అమ్మకీ చూపించు. కోప్పడితే నన్నే తిట్టమను.

మీ పెద్దమ్మ