ముందు ఆ క్యూఆర్ కోడ్ మార్చండి

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నెలకు 12,000 దాకా వస్తుంది, అంతా మావారి ఫోన్‌పేలోనే పడుతుంది. డ్వాక్రాలో నేను తీసిన లక్షతో ఆయన ఆటో కొన్నారు. వాయిదాలు నేనే కడుతున్నా. నగల షాపు స్కీములో నెలకు 2,000 కట్టమంటారా? పాపకు ఆరేళ్లు.

జవాబు: స్కీము సంగతి తర్వాత చూద్దాం అమ్మా. హుక్కులు కుట్టి, ఫాల్సు వేసి, పెళ్లిళ్ల రోజుల్లో అర్ధరాత్రి దాకా మిషను ముందు కూర్చునేది మీరు. డబ్బు పడ్డట్టు మోగేది ఆయన జేబులో. రేపు బ్యాంకులో లోను అడిగితే, ఇది నా సంపాదన అని చూపించడానికి మీ దగ్గర ఒక్క కాగితం ఉండదు. నా దగ్గరికొచ్చే ఆడవాళ్లలో చాలామంది పరిస్థితి ఇదే. పాస్‌బుక్కు మీద పేరు తనది, ఏటీఎం కార్డు, ఓటీపీ వచ్చే నంబరు భర్తవి. దాన్ని నేను ఆమె ఖాతా అనను.

ఆధార్ తీసుకుని బ్యాంకుకు వెళ్లండి, మీ ఖాతాకు మీ సిమ్ నంబరు ఎక్కించండి. తర్వాత మిషను పక్కన గోడకున్న క్యూఆర్ కోడ్ తీసి, మీ ఖాతాది పెట్టండి. ఇంటి ఖర్చుకు కావలసింది మీరే ఆయనకు పంపండి. ఎందుకని అడిగితే ఉన్నమాటే చెప్పండి: చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా శిశు లోను తాకట్టు లేకుండా 50,000 దాకా వస్తుంది, చీర అంచులు కుట్టే పికో మిషను కొనుక్కోవచ్చు, కానీ ఇచ్చేముందు ఖాతాలో రాకపోకలు చూస్తారు.

అప్పు మీ మీద, బండి ఆయన పేరున. ఇది నాకు బాధగా ఉంది. వాయిదా తప్పితే డ్వాక్రా సంఘంలో తలదించుకోవాల్సింది మీరే, భారం మోయాల్సింది తోటి ఆడవాళ్లు. ఆటో కలెక్షన్ నుంచి వాయిదా డబ్బు గడువుకు ముందే మీ ఖాతాలో పడాలని పట్టుబట్టండి. ఆయన పేరున టర్మ్ పాలసీ (ఆయనకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా) కూడా తీయించండి, 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద. అప్పుడు ఆ సొమ్ము మీకూ పాపకూ మాత్రమే, ఆయన అప్పులవాళ్లు ముట్టుకోలేరు. పాలసీ తీసుకునేటప్పుడే ఇది రాయించాలి, తర్వాత కుదరదు.

నగల స్కీము వద్దు. బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది, షాపులో కట్టినదానికి లేదు. పోస్టాఫీసులో మీ పేరున నెలనెలా వెయ్యి కట్టే ఆర్డీ మొదలుపెట్టండి, ఏడాది కట్టాక అవసరపడితే అందులో సగం దాకా అప్పిస్తారు. మిగతా వెయ్యి పాపకు ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య సమృద్ధిలో వేయండి, పాపకు పదేళ్లు నిండేలోపే ఖాతా తెరవాలి. ఆ ఫారంలో సంరక్షకులు అన్నచోట మీ పేరే రాయండి.