అరవై దాటిన పైలట్ నడిపే విమానం ఎక్కాలంటే భయపడాలా?

మీరు అడిగింది, అరవై దాటిన పైలట్లని ఇంకా ఎందుకు నడపనిస్తున్నారు, అలాంటి విమానం ఎక్కొచ్చా అని. నేనైతే ఎక్కుతాను, ఎక్కాను కూడా. మాది కావలి, మా మేనమామ పైలట్. ఒక కంపెనీ 58కే రిటైర్ చేసి పంపిస్తే ఇంకో కంపెనీలో కాంట్రాక్టు మీద చేరాడు, ఇప్పుడు 62, ఎయిర్‌బస్ వాళ్ల ఏ320 విమానం నడుపుతున్నాడు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. కంపెనీ పెట్టుకున్న రిటైర్మెంట్ వేరు, రూలు ప్రకారం ప్రయాణికుల విమానం నడపగలిగే వయసు వేరు. రూలు మొదట్లో 60 ఉండేది, 2006లో ప్రపంచ దేశాలన్నిటికీ విమానాల రూల్స్ పెట్టే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐకావో దాన్ని 65 చేసింది. చేస్తూ ఒక మెలిక కూడా పెట్టింది, ఇద్దరు పైలట్లలో ఒకరు 60 దాటితే రెండోవాళ్లు 60 లోపు ఉండాలని. 2014లో ఆ మెలికా తీసేశారు. అమెరికా 2007లో 65కి మారింది, మన దగ్గరా 65 దాకానే. ఆ తర్వాత కావాలంటే సిమ్యులేటర్లో, అంటే నేల మీదే ఉండే నకిలీ కాక్‌పిట్‌లో, కొత్తవాళ్లకి నేర్పుకోవచ్చు.

ఇక వయసు సంగతి. అరవై దాటితే ఆరు నెలలకోసారి మెడికల్. కళ్లు, చెవులు, ఈసీజీ, షుగరు, బీపీ, అన్నీ చూస్తారు. దానికి నెల ముందు నుంచే మామయ్య వేరే మనిషైపోతాడు. నెల్లూరు నుంచి మలై కాజా తెస్తే డబ్బా వైపు చూడడు, చేపల పులుసులో ముక్క తిని పులుసు వదిలేస్తాడు, "మెడికల్ అయిపోనీ అబ్బయ్యా" అంటాడు. పోయినేడాది ఒకసారి బీపీ ఎక్కువ చూపించి టెంపరరీ అన్‌ఫిట్ అన్నారు. ఎగిరిన గంటల లెక్కన జీతం కాబట్టి అదీ ఆగిపోయింది. పొద్దున్నే కాలేజీ గ్రౌండులో నడక, తర్వాత ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా గమ్మున కూర్చోవడం, అత్తయ్యకి ఆయన కంటే ఎక్కువ టెన్షన్. మళ్లీ ఫిట్ వచ్చేసరికి ఆరు వారాలు పట్టింది. హైవే మీద మనల్ని ఓవర్‌టేక్ చేసే లారీ డ్రైవరుకి ఆరు నెలలకోసారి ఈసీజీ తీస్తున్నారా చెప్పండి.

అయితే మామయ్యనే అడిగితే గుండె గురించి చెప్పడు, నిద్ర గురించి చెప్తాడు. రాత్రి రెండింటికి లేచి వెళ్లే డ్యూటీ నలభైల్లో ఒక్క పూట పడుకుంటే సర్దుకునేదట, ఇప్పుడు రెండు రోజులు పడుతోందట. అందుకే 2025లో విమాన కంపెనీల సంఘం ఐయాటా 67 చేయమని ఐకావోని అడిగితే, ఇంకో రెండేళ్ల సంపాదన వస్తుంది కదా అని నేననుకున్నాను కానీ, ఈయన మాత్రం "వద్దు, 65 చాలు" అన్నాడు. ఐకావో కూడా ఒప్పుకోలేదు లెండి. నా మటుకు నాకు, పగటి ట్రిప్పులే ఇస్తే 67 పెద్ద తప్పు కాదనిపిస్తుంది, కానీ డ్యూటీల పట్టిక అలా వేసే కంపెనీ ఎక్కడుంది?

వచ్చే వారం మళ్లీ మెడికల్. ఫ్రిజ్‌లో మలై కాజా డబ్బా ఉంది, ఆయనకి ఇంకా ఎవరం చెప్పలేదు.