వాళ్ల ఆచారం మనకెందుకు వింతగా ఉంటుంది?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో ఆంత్రొపాలజీ తీసుకుంటానంటోంది. పుర్రెలు కొలవడం, అడవుల్లో తిరగడం తప్ప అందులో ఇంకేముంటుందండీ?

జవాబు: చాలా ఉంటుందండీ. ఎముకలూ పుర్రెలూ చూసి మనిషి శరీరం ఎలా మారుతూ వచ్చిందో చెప్పేది ఆంత్రొపాలజీలో, అంటే మానవశాస్త్రంలో, ఒక శాఖ మాత్రమే. తవ్వకాల్లో దొరికిన వస్తువుల్ని చదివే శాఖ ఒకటి, భాషను చూసేది మరొకటి. బతికున్న మనుషుల మధ్యకు వెళ్లి వాళ్ల పెళ్లిళ్లు, చావులు, బంధుత్వాలు, ఇచ్చిపుచ్చుకోవడాలు అర్థం చేసుకునేది సాంస్కృతిక మానవశాస్త్రం. నాకు ప్రాణం అదే కాబట్టి దాని గురించే చెబుతాను.

ఒకప్పుడు చాలామంది పండితులు ఇల్లు కదలకుండా, యాత్రికులూ మిషనరీలూ రాసి పంపినవి చదివి దూరదేశాల జనం గురించి పుస్తకాలు రాసేసేవాళ్లు. మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ అలా చేయలేదు. ఇప్పటి పాపువా న్యూగినీలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో 1915, 1918 మధ్య రెండు విడతలుగా ఉండి, ఊళ్లోనే డేరా వేసుకుని, వాళ్ల భాష నేర్చుకుని, రోజూ కళ్ల ముందు జరిగేది రాసుకున్నాడు. అక్కడ పిల్లలు తల్లి వంశానికి చెందుతారు, పెత్తనం మేనమామది, తండ్రేమో గారాబం చేసే మనిషి. మగవాడు కష్టపడి పండించిన పెండలం దుంపల్లో మంచివి ఏరి అక్కచెల్లెళ్ల ఇంటికి పంపుతాడు. ఇంతవరకే చూసినవాడు 'ఇదేం న్యాయం, సొంత పెళ్లాం పిల్లలకు పెట్టుకోడా?' అంటాడు. కానీ అతని ఇంటికి అతని భార్య అన్నదమ్ములు పంపుతారు! ఈ రెండో సగం తెలియాలంటే కొన్నాళ్లు అక్కడే ఉండాలి, పంట దించేటప్పుడూ పంచేటప్పుడూ పక్కనే నిలబడి చూడాలి.

ప్రశ్న: చనిపోయిన తమవాళ్ల శరీరాన్ని తినే జనం ఉండేవాళ్లని చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. ఇంత ఘోరాన్ని కూడా 'సంస్కృతి' అనాలా?

జవాబు: మీకు కలిగిన బాధను నేను కొట్టిపారేయను. అయితే దాదాపు 2,400 ఏళ్ల కింద గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన ఒక సంగతి వినండి. పర్షియా రాజు డేరియస్ గ్రీకుల్ని పిలిచి, ఎంత డబ్బిస్తే చనిపోయిన తండ్రిని తింటారని అడిగాడట. ఎంతిచ్చినా తినమన్నారు. తర్వాత, తల్లిదండ్రుల శరీరాల్ని తినే ఆచారం ఉన్నవాళ్లను పిలిచి, ఎంతిస్తే కాలుస్తారని అడిగాడు. అంత పాపపు మాట అనొద్దని వాళ్లు కేకలు పెట్టారట. ఎవరి అసహ్యం వాళ్లకు నిజమే.

ఇది కథలా అనిపిస్తే, బ్రెజిల్ అమెజాన్ అడవుల్లోని వారీ ప్రజల్ని చూడండి. 1960ల దాకా వాళ్లలో ఈ ఆచారం ఉండేది. ఆకలికీ దీనికీ సంబంధం లేదు, తినేది కూడా రక్తసంబంధీకులు కాదు, ఎక్కువగా పెళ్లి ద్వారా బంధువులైనవాళ్లు. అది ఆ కుటుంబానికి వాళ్లు చేసే సాయం. ప్రేమించిన మనిషిని చల్లటి తడిమట్టిలో ఒంటరిగా వదిలేయడమే వారీలకు భరించలేని సంగతి. బయటివాళ్లు వచ్చి ఆ ఆచారం మాన్పించి పూడ్చిపెట్టడం అలవాటు చేశాక, పెద్దవాళ్లు ఆ మట్టిని తలచుకుని ఎంత కుమిలిపోయారో తెలుసుకున్నాక, ఆ ఆచారం మాట వినగానే నాకు ముందు గుర్తొచ్చేది వాళ్ల దుఃఖమే. మీరు ఆ పద్ధతి పాటించనక్కర్లేదు, మెచ్చుకోనక్కర్లేదు కూడా. 'వీళ్లు మనుషులే కారు' అనే మాట మాత్రం ఇక నోటికి రాకూడదు.

ప్రశ్న: అలాగైతే దేన్నీ తప్పనకూడదా? ఆచారం పేరుతో ఆడపిల్లల్ని హింసిస్తుంటే చూస్తూ ఊరుకోవాలా?

జవాబు: ఊరుకోకూడదు. అర్థం చేసుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. పైగా అర్థం చేసుకుంటేనే ఆపడం కుదురుతుంది. చైనాలో ఆడపిల్లల పాదాలు విరిచి కట్టేసే ఆచారం వందల ఏళ్లు సాగింది. కట్టింది శత్రువులు కాదు, తల్లులే, చిన్న పాదాలు లేకపోతే కూతురికి మంచి సంబంధం రాదన్న భయంతో. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో దీన్ని మాన్పించడానికి సంఘాలు పెట్టినవాళ్లు ఆ భయం దగ్గరికే వెళ్లారు. మా కూతుళ్లకు పాదాలు కట్టం, మా కొడుకులకు కట్టిన పాదాల పిల్లను చేసుకోం అని కుటుంబాల చేత ఒట్టు వేయించారు. చట్టాలూ చదువులూ తోడయ్యాయి, ఆచారం పోయింది.

అర్థం చేసుకోకుండా నిషేధిస్తే ఏమవుతుందో కూడా చూశాం. కెనడా పసిఫిక్ తీరంలోని ఆదివాసులు 'పోట్‌లాచ్' అనే వేడుక చేసి, తమ సంపదను పిలిచినవాళ్లందరికీ పంచేవాళ్లు. పేర్లు, హక్కులు, పదవులు అందరి ముందూ ఖాయమయ్యేది అక్కడే. ప్రభుత్వానికి అది వృథా ఖర్చులా కనిపించి 1885 నుంచి 1951 దాకా దాన్ని చట్టప్రకారం నేరంగా చూసింది, చేసినవాళ్లను జైల్లో పెట్టింది, వేడుకలో ముఖానికి పెట్టుకునే ముసుగులు లాక్కుని మ్యూజియాలకు పంపింది. ఎవరికీ హాని చేయని వేడుక అది!

అందుకే నేను అడిగేది ఒకటే: ఈ ఆచారం వల్ల నొప్పి ఎవరికి, వద్దనే హక్కు వాళ్లకుందా? ప్రతి సమాజంలోనూ లోపలే వద్దనేవాళ్లు ఉంటారు. ముందు వాళ్ల మాట వినాలి.

ప్రశ్న: (మొదటి ప్రశ్న అడిగినవారే) సరే, అమ్మాయిని చేరుస్తాం. ఈలోగా ఇంట్లో ఏం చేయమంటారు?

జవాబు: చాలా సంతోషం! ఒక నోటుబుక్కు కొనివ్వండి. మీ ఇంట్లోనే వారం రోజులు భోజనాల దగ్గర ఎవరు ముందు కూర్చుంటారో, ఎవరు వడ్డిస్తారో, ఎవరు చివర తింటారో, ఏ మాట ఎవరి ముందు రాదో, ఏదీ మంచీ చెడూ అనకుండా రాయమనండి. వారం తర్వాత మీరు కూడా అది చదవండి.