‘బాగుంది’ అన్నారు సరే, ఏం బాగుందో చెప్పరేం?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఏ కెమెరా కొనాలి, ఏ లెన్స్ మంచిది అనేవి తక్కువే. ఎక్కువమంది అడిగింది తీసిన ఫొటోల్ని నలుగురికీ చూపించుకోవడం గురించీ, ఒకళ్లనొకళ్లు ప్రోత్సహించుకోవడం గురించీ. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: చాలాకాలంగా ఆన్‌లైన్‌లో ఓ ఫొటోగ్రఫీ గ్రూపులో ఉన్నాను. ఏ ఫొటో పెట్టినా సూపర్, నైస్, రెండు చప్పట్ల బొమ్మలు, అంతే. సంతోషంగానే ఉంటుంది గానీ నా ఫొటోలు అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయనిపిస్తోంది. అవి నిజంగా బాగుంటున్నాయో లేదో నాకెలా తెలుస్తుంది?

జవాబు: ముందు ఒక మాట, ఆ సూపర్‌లని తీసిపారేయకండి. పనంతా అయ్యాక అలసిపోయి ఫోన్ పట్టుకున్న మనిషి మీ ఫొటో దగ్గర ఆగి ఓ ముక్క టైప్ చేశాడంటే అది అభిమానమే. కాకపోతే మీకిప్పుడు కావాల్సింది మీ ఫొటోని కాస్త నిదానంగా చూసి, తనకేం కనిపించిందో చెప్పే మనిషి. అలాంటి మాట అడిగితే గానీ రాదండీ. ఊరికే ఫొటో పెట్టేసి వదిలేస్తే చూసినవాళ్లకి కూడా ఇంకేం అనాలో తోచదు, బాగుంది అనేసి వెళ్లిపోతారు. అదే ఫొటో కింద ‘సాయంత్రం వెలుగు గోడ మీద పడిన తీరు నచ్చి తీశాను, కుడిపక్క స్తంభం అడ్డొస్తోందా, కట్ చేసెయ్యమంటారా’ అని రాసి చూడండి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా వచ్చి ఏదో ఒకటి చెప్తారు.

ఇంకో పద్ధతి నాకు చాలా ఇష్టం. ఒకే దృశ్యానివి రెండు ఫొటోలు పెట్టండి, ఒకటి నిలబడి తీసింది, ఒకటి కింద కూర్చుని తీసింది, లేదా ఒకటి కలర్, ఒకటి బ్లాక్ అండ్ వైట్, ఏది బాగుంది, ఎందుకు అని అడగండి. ఒక్క ఫొటో మీద అభిప్రాయం చెప్పాలంటే మొహమాటపడేవాళ్లు రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే హాయిగా ఎంచుకుంటారు, ఎంచుకున్నాక కారణం చెప్పకుండా ఉండలేరు, ఆ కారణాల్లోనే మీక్కావాల్సిందంతా ఉంటుంది. పదిమంది రెండోదే అన్నారనుకోండి, మీకు మొదటిదే నచ్చిందనుకోండి, అప్పుడు కూడా మీదే రైటు కావచ్చు, కానీ వాళ్లకి ఏం కనపడలేదో మీకు తెలిసింది కదా.

లైకుల లెక్క మాత్రం పట్టించుకోకండి. సూర్యాస్తమయం, పసిపిల్లల నవ్వు, పువ్వు మీద సీతాకోకచిలుక, వీటికి ఎవరు ఎలా తీసినా లైకులు వస్తాయి, అవి ఆ వస్తువుకి పడిన లైకులు. పైగా జనం చూసేది అరచేతిలో స్క్రీన్ మీద, అది కూడా వేలితో పైకి తోసేస్తూ, అందులో ముదురు రంగులు, బాగా కాంట్రాస్ట్ ఉన్నవి ఇట్టే కంటికి తగులుతాయి, పొగమంచులో ఒంటరి చెట్టులాంటి నెమ్మదైన ఫొటో దాటిపోతుంది. దాన్నే పెద్ద స్క్రీన్ మీద చూస్తే కదలబుద్ధి కాదు.

ప్రశ్న: మా గ్రూపులో కొత్తవాళ్లు ఎక్కువ. వాళ్ల ఫొటోల్లో తప్పులు కనిపిస్తాయి, చెప్తే నొచ్చుకుంటారేమోనని ఊరుకుంటున్నాను. ఊరుకోవడం కరెక్టేనా?

జవాబు: కాదండీ. మీకు తెలిసింది చెప్పకపోతే వాళ్లు అదే తప్పు ఇంకో ఏడాది చేస్తారు. అయితే చెప్పే తీరుంది. ఒక ఫొటో అనుకుందాం, నీళ్ల గుంటలో పిచ్చుక స్నానం చేస్తోంది, రెక్కలు విదిలిస్తోంది, చుట్టూ తుంపర లేచింది. కానీ పిచ్చుక కన్ను మసగ్గా ఉంది, వెనకాల ఒక తెల్ల ప్లాస్టిక్ సంచి మెరుస్తోంది. దీనికింద ‘ఫోకస్ పోయింది, బ్యాక్‌గ్రౌండ్ చెత్తగా ఉంది’ అని రాయొచ్చు, రెండూ నిజాలే, ఆ అబ్బాయి మాత్రం మళ్లీ ఫొటో పెట్టడు. నేనైతే ఇలా రాస్తాను: ‘తుంపర లేచిన క్షణం భలే పట్టుకున్నావు తమ్ముడూ, దానికోసం చాలాసేపు కాచుకుని కూర్చున్నావని తెలుస్తోంది. షట్టర్ స్పీడ్, అంటే షట్టర్ తెరుచుకుని ఉండే సమయం, ఎంత పెట్టావు? 1/125 సెకను దగ్గర ఉంటే రెక్కలు విదిలించే పిట్టకి చాలదు, 1/1000 గానీ ఇంకా పైన గానీ పెట్టు, దానికోసం ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే తీవ్రత) పెంచాల్సొస్తే పెంచెయ్, నాయిస్ (బొమ్మ మీద గింజల్లాంటి మచ్చలు) వస్తే తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కన్నుని మాత్రం తర్వాత ఏం చేసినా బాగుచెయ్యలేం.’ అంతే, సంచి సంగతి ఎత్తను. అది ఇంకోసారి. ఒక ఫొటోకి ఒక్క సలహా చాలు, అదీ రేపు కెమెరా పట్టుకున్నప్పుడు చెయ్యగలిగింది అయ్యుండాలి. ఐదు తప్పులు ఏకరువు పెడితే ఐదూ మర్చిపోతారు, బాధ ఒక్కటే గుర్తుంటుంది.

మెచ్చుకునేటప్పుడు కూడా అంతే, ‘తుంపర’ అని పేరు పెట్టి చెప్పాం చూడండి, ఆ పిల్లాడికి తను దేన్ని చూసి బటన్ నొక్కాడో అది అవతలివాళ్లకి కూడా చేరిందని తెలుస్తుంది, దానికి మించిన ప్రోత్సాహం నాకు తెలిసి లేదు. అడక్కుండా వాళ్ల ఫొటోని మీరు ఎడిట్ చేసి మళ్లీ అందరి ముందూ పెట్టే పని మాత్రం చెయ్యకండి. చెయ్యమంటారా అని ఒక్క మాట అడిగితే పోయేదేం లేదు, చాలామంది సరే అంటారు.

ఇలా ఒకళ్ల ఫొటోల మీద ఒకళ్లు అభిప్రాయం చెప్పుకునే అలవాటు ఇంటర్నెట్‌తో వచ్చింది కూడా కాదు. బ్రిటన్‌లో పోస్టల్ క్లబ్బులని ఉండేవి. సభ్యులు తలా ఒక ప్రింటు పెట్టిన పెట్టె పోస్టులో ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి వెళ్లేది, వచ్చినవాళ్లు మిగతావాళ్ల ప్రింట్లన్నీ చూసి, ఒక్కోదానికీ తమ అభిప్రాయం రాసి, తర్వాతి సభ్యుడికి పంపేవాళ్లు. పెట్టె తిరిగి తన దగ్గరికి వచ్చేదాకా తన ఫొటోని ఎవరేమన్నారో తెలీదు! అంత ఓపిగ్గా కాయితం మీద రాసేవాళ్లు కాబట్టే ఊరికే బాగుంది అని రాసి పంపడానికి వాళ్లకి మనసొప్పేది కాదనుకుంటాను. 2004లో మొదలైన ఫ్లికర్ అనే ఫొటోల వెబ్‌సైట్ తొలిరోజుల్లో అందులో ఫొటో మీదే ఒక చిన్న గడి గీసి, ఆ భాగం గురించి నోట్ రాసే వీలుండేది. ఇదిగో ఈ మూల, ఇక్కడ పడిన ఈ వెలుగు, అని వేలు పెట్టి చూపించినట్టు ఉండేది. ఇప్పుడు మనం వాడే చాలా యాప్‌లలో ఆ వీలు లేదు, అందుకే మాటల్లో అయినా ‘పైన ఎడమ మూల’ అని చోటు చెప్పి రాయండి.

ప్రశ్న: నా దగ్గర ఫోన్ తప్ప ఏమీ లేదు. గ్రూపులో అందరివీ పెద్ద పెద్ద కెమెరాలు. పెట్టాలంటే సిగ్గుగా ఉంది.

జవాబు: సిగ్గెందుకండీ, పెట్టండి. ఫోన్‌తో తీశాను అని ముందే క్షమాపణలా రాయకండి, అది చదివాక చూసేవాళ్లు ఫొటో వదిలేసి ఫోన్‌నే చూస్తారు. ఫోన్‌కి కొన్ని పరిమితులున్నాయి, అవి తెలిస్తే చాలు. లెన్స్ మీద వేలిముద్రలు పడి ఉంటే దీపాల చుట్టూ చారలొస్తాయి, తీసేముందు మెత్తటి బట్టతో తుడవండి. ఫోన్ మామూలు లెన్స్ వైడ్‌గా ఉంటుంది కాబట్టి మనిషి మొహానికి మరీ దగ్గరగా వెళ్తే ముక్కు పెద్దదవుతుంది, రెండడుగులు వెనక్కి వచ్చి 2 ఎక్స్‌లో (రెండు రెట్ల జూమ్‌లో) తీయండి. దానికి మించి వేళ్లతో సాగదీసి జూమ్ చేస్తే చాలా ఫోన్లలో అది ఉన్న బొమ్మనే కత్తిరించి పెద్దది చెయ్యడం, దానికన్నా నడిచి దగ్గరికెళ్లడం నయం. ఆకాశం తెల్లగా కాలిపోతుంటే ఆకాశం మీద వేలితో తాకి, పక్కనొచ్చే సూర్యుడి గుర్తుని కిందకి జరపండి, నీడలు తర్వాత ఎడిటింగ్‌లో పైకి తెచ్చుకోవచ్చు, పూర్తిగా తెల్లబడిపోయిన చోట మాత్రం తెచ్చుకోడానికి ఏమీ మిగలదు.

ప్రశ్న: నా కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా కనిపించే ఫొటో ఆన్‌లైన్‌లో పెట్టగానే పేలవంగా అయిపోతోంది. ఎందుకు?

జవాబు: రెండు మూడు కారణాలుండొచ్చు. కెమెరాలో గానీ ఎడిటింగ్‌లో గానీ కలర్ స్పేస్ (ఫైల్లో రంగుల్ని రాసుకునే పద్ధతి) అడోబ్ ఆర్‌జీబీ అని ఉంటే కొన్ని యాప్‌లలో రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, బయటికి పంపే కాపీని ఎప్పుడూ ఎస్‌ఆర్‌జీబీలోనే సేవ్ చెయ్యండి. రాత్రిపూట గదిలో స్క్రీన్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచుకుని ఎడిట్ చేసేవాళ్ల ఫొటోలు మిగతావాళ్లకి చీకటిగా కనిపిస్తాయి, ఇది చాలామందికి తట్టదు. ఇక వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటోని బాగా కుదించేస్తుంది, ఎవరైనా మీ ఫొటోని జాగ్రత్తగా చూసి చెప్తానన్నారంటే డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నదున్నట్టు వెళ్తుంది. కాకపోతే ఫైల్లో లొకేషన్ ఉంటే అది కూడా దాంతోపాటే వెళ్తుంది, గుర్తుంచుకోండి.

ప్రశ్న: పెద్దదాన్నయ్యాను, పిల్లలు స్థిరపడ్డాక ఇప్పుడిప్పుడే కెమెరా పట్టుకున్నాను. చాలా తీశాను గానీ ఎవరికీ చూపించలేదు. ఈ వయసులో ఇవన్నీ నలుగురిలో పెడితే ఏమనుకుంటారో అని.

జవాబు: అమ్మా, జూలియా మార్గరెట్ కామెరాన్ అని ఒకావిడ ఉన్నారు, 1863లో కూతురూ అల్లుడూ ఆమెకి ఒక కెమెరా బహుమతిగా ఇచ్చారు. అప్పటికి ఆమెకి 48 ఏళ్లు, ఆరోజుల్లో ఫొటో తీయడమంటే గాజు పలకలు, రసాయనాలు, చేతులకి మరకలు. ఫోకస్ సరిగ్గా లేదని, పలకల మీద మరకలున్నాయని అప్పటి ఫొటోగ్రఫీ పెద్దలు ఆమెని బాగానే విమర్శించారు. కానీ ఆమెకి జాన్ హెర్షెల్ అనే స్నేహితుడున్నాడు, పేరున్న ఖగోళ శాస్త్రవేత్త, ఫొటోగ్రఫీ రసాయనాల మీద కూడా పరిశోధన చేసినవాడు, ఆయన ఆమె ప్రింట్లు చూసి మెచ్చుకుంటూ ఉత్తరాలు రాసేవాడు. 1867లో ఆమె తీసిన ఆయన ఫొటో, చెదిరిన తెల్లజుట్టూ చీకట్లోంచి వచ్చే మొహం, ఇవాళ్టికీ పోర్ట్రెయిట్ తీసేవాళ్లు నేర్చుకోడానికి చూసే ఫొటో. ఆమె మసక ఫోకస్‌నే ఇప్పుడు ఆమె శైలి అంటున్నాం.

ఇంకో పక్క వివియన్ మేయర్. పిల్లల్ని చూసుకునే ఆయాగా చికాగోలో బతికింది, లక్షకు పైగా నెగెటివ్‌లు తీసింది, దాదాపు ఎవరికీ చూపించలేదు. 2007లో ఆ నెగెటివ్‌లున్న ఆమె పెట్టెలు వేలంలో అమ్ముడుపోయాక గానీ అవి బయటపడలేదు, 2009లో ఆమె చనిపోయింది. తర్వాత ప్రపంచమంతా ఆ ఫొటోల్ని మెచ్చుకుంది, ఒక్క మాట కూడా ఆమె చెవిన పడలేదు. చూపించకపోవడం ఆమె ఇష్టం కావచ్చు, దాన్ని తప్పనలేను. కానీ మీరు ఉత్తరం రాసి మరీ అడిగారంటే మీకు చూపించాలని ఉందనే కదమ్మా. అందరికీ ఒక్కసారే వద్దు. మీకు నచ్చినవాళ్లని ఇద్దరినో ముగ్గురినో ఎంచుకోండి, వాళ్ల ఫొటోల కింద మీరే ముందు ఒక మంచి మాట రాయండి, పరిచయం అయ్యాక మీదొకటి పంపండి.

ప్రశ్న: నా ఫొటో ఒకతను తనదని చెప్పుకుని పెట్టుకున్నాడు. ఇక పంచుకోవడం మానెయ్యాలా?

జవాబు: మానకండి. ఫొటో తీసిన క్షణం నుంచే కాపీరైట్ మీది, ఎక్కడా రిజిస్టర్ చెయ్యక్కర్లేదు, కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నిట్లో ఇదే పద్ధతి. అసలు ఫైలు, వీలైతే రా ఫైలు (కెమెరా ఏ మార్పూ చెయ్యకుండా దాచిన ఫైలు), దాచుకోండి, మీదని చూపించడానికి అంతకన్నా మంచి రుజువు లేదు. ఆ యాప్‌లోనే కాపీరైట్ కంప్లైంట్ పెట్టే ఫారం ఉంటుంది, అది నింపండి. ఫొటో మధ్యలో పెద్ద వాటర్‌మార్క్ వేస్తే ఫొటోయే పాడవుతుంది, మూలన వేస్తే కత్తిరించేస్తారు, నాకు రెండూ నచ్చవు. నిజానికి ఇలాంటి దొంగతనాల్ని చాలాసార్లు కనిపెట్టేది తోటి ఫొటోగ్రాఫర్లే, మీ ఫొటోల్ని రోజూ శ్రద్ధగా చూసేవాళ్లకి అవి ఇంకోచోట కనిపిస్తే వెంటనే గుర్తుపడతారు. మీరూ వాళ్లకి అలాగే చెయ్యండి.

ప్రశ్న: పిట్ట గూడు ఫొటో పెడితే ఎక్కడ తీశారో చెప్పమని అందరూ అడుగుతున్నారు. చెప్పాలా?

జవాబు: వద్దు, ఎంత స్నేహితులైనా సరే. పదిమంది గూడు చుట్టూ చేరితే తల్లిపిట్ట గూడు వదిలేసి పోవచ్చు. ఫైల్లో జీపీఎస్ లొకేషన్ ఉంటే పెట్టేముందు తీసెయ్యండి. చోటు చెప్పను గానీ ఎంత దూరం నుంచి, ఏ సెట్టింగ్‌లో తీశానో చెప్తాను అనండి, నేర్చుకోవాలనుకునేవాళ్లకి కావాల్సింది అదే.

ప్రశ్న: రోజుకి ఎన్ని ఫొటోలు పెట్టొచ్చు?

జవాబు: ఒకటి. ఒకే పువ్వుని అన్ని వైపుల నుంచీ తీసి వరసగా పెడితే చూసేవాళ్లు దేనిగురించి చెప్పాలో తెలీక ఏదీ చెప్పరు. ఏది పెట్టాలో తేలకపోతే ఒక రాత్రి ఆగండి, పొద్దున్న లేచి ముందు ఏది గుర్తొస్తే అది పెట్టండి, మిగతావి ఎవరైనా అడిగితే చూపించొచ్చు.