పరుగెత్తే పని పైలట్‌ది

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీకు 108 అంబులెన్సులో ఈఎంటీ ఉద్యోగం, అదే ఆస్పత్రికి చేరేదాకా రోగిని చూసుకునే పని, వచ్చిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. సంతోషంగానే చెప్పింది కానీ, చివర్లో "వాడు రక్తం చూడలేడురా" అంది. నేనూ చూడలేకపోయేవాణ్ణి. 108 మొదలైంది 2005 ఆగస్టు 15న, నేను చేరింది ఆ తర్వాత రెండేళ్లకు. మొదటి యాక్సిడెంట్ కేసు రోజు రోడ్డు పక్క తుమ్మచెట్టు పట్టుకుని వాంతి చేసుకున్నాను. మూతి తుడుచుకుని మళ్లీ వెళ్లాను, అంతే. కాబట్టి దాని గురించి టెన్షన్ పడకు.

నేను చెప్పాలనుకున్నది వేరే. బండి ఆగగానే దూకి పరుగెత్తాలనిపిస్తుంది. చుట్టూ జనం "తొందరగా, తొందరగా" అని అరుస్తుంటారు. పరుగెత్తే పని పైలట్‌ది (మన బండి డ్రైవర్‌ని అలాగే పిలుస్తారు), నీది చూసే పని. దిగిన చోటే నాలుగు క్షణాలు నిలబడు. కరెంటు తీగ తెగి పడిందా, పెట్రోలు కారుతోందా, వెనక నుంచి లారీలు వస్తున్నాయా, ఎంతమందికి దెబ్బలు తగిలాయి, ఎవరు అరుస్తున్నారు, ఎవరు అరవడం లేదు. అరవనివాడి దగ్గరికి ముందు వెళ్లు.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. చేరిన రెండో ఏడు, రాత్రి తొమ్మిదింటికి వైన్‌షాపు ముందు మనిషి పడిపోయాడని కాల్. వెళ్లేసరికి చొక్కా అంతా చెమటతో తడిసి ఉంది, మాట ముద్దగా వస్తోంది. "తాగి పడ్డాడు సార్, రోజూ ఉండేదే" అన్నారు అక్కడివాళ్లు. నేనూ నమ్మి, పక్కకు తిప్పి పడుకోబెట్టి తీసుకెళ్లాను. క్యాజువాలిటీలో నర్సమ్మ వేలికి గుచ్చి చూస్తే షుగర్ 34. ఆయన షాపుకు వచ్చినవాడే కాదు, బస్సు కోసం నిలబడ్డ షుగర్ పేషెంటు. గ్లూకోజ్ ఎక్కించగానే లేచి, "నా సంచి ఏది" అని అడిగాడు. బతికాడు కాబట్టి ఇప్పుడు కథలా చెబుతున్నాను. గ్లూకోమీటర్ మాత్రం దారి పొడుగునా నా పక్కనే ఉంది. స్పృహలేని మనిషి ఎవరైనా సరే, వాసన ఏదైనా సరే, ముందు వేలికి గుచ్చి చూడు.

పాము కేసులు వానాకాలంలో ఎక్కువ. రక్తపింజర కరిస్తే వాపు, నొప్పి ఉంటాయి కాబట్టి వాళ్లే కంగారుపడి పిలుస్తారు. కట్లపాముతోనే చిక్కు. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, ఒక్కోసారి గాటు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, కళ్లు మూసుకుపోతుంటాయి, "నిద్ర మత్తులే" అంటారు ఇంట్లోవాళ్లు. పైకి చూడమను. రెప్పలు లేవకపోతే అది నిద్ర కాదు. తాడు కట్టడం, బ్లేడుతో కోయడం ఎవరినీ చేయనివ్వకు. చేతికో కాలికో బద్ద కట్టి కదలకుండా ఉంచు, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి దారిలోనే ఫోన్ చేయించు. శ్వాస ఆగిపోతే ఆంబూ బ్యాగు, అదే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి, నొక్కుతూనే ఉండాలి. ఒకసారి నలభై నిమిషాలు నొక్కాను. మర్నాడు వేళ్లు మడవలేకపోయాను. ఆ కుర్రాడు మాత్రం పది రోజులకు నడిచి ఇంటికెళ్లాడు.

పురుగుమందు కేసు మన మిర్చి, పత్తి ఊళ్లలో తప్పదు. ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని చూస్తారు, ఆపు. నోటి నుంచి నురగ, చుక్కంత కంటిపాపలు కనిపిస్తే ఎంత ప్రమాదమో నీకు క్లాసులో చెప్పే ఉంటారు. గ్లౌజులు వేసుకుని తడిసిన బట్టలు తీసేయ్, బండి అద్దాలు దించు, నోరు సక్షన్ చేస్తూ ఉండు. మందు డబ్బా వెంట తెమ్మని గట్టిగా చెప్పు. ఎందుకు తాగావని మాత్రం అడగకు.

ఇక కాన్పు. నీకు మొదటిది బండిలోనే అవుతుంది, రాసిపెట్టుకో. నాకు కాలువ గట్టు మీద అయింది. బిడ్డ తల కనిపిస్తుంటే పైలట్‌కి చెప్పి బండి పక్కకు ఆపించాను. కదిలే బండిలో కాన్పు చేయకు. ఆయన టార్చ్ పట్టుకుని మొహం అటు తిప్పుకున్నాడు. బిడ్డ జారి చేతిలోకొచ్చింది, నీలంగా, చప్పుడు లేకుండా. పొడి గుడ్డతో ఒళ్లంతా తుడిచాను, వీపు రుద్దాను. గుడ్డ తడిసింది, ఇంకోటి తీశాను. అరికాలి మీద వేలితో కొట్టాను. ఉహూ. మాస్కు పెట్టి బ్యాగు నాలుగైదుసార్లు నొక్కానో లేదో, పిల్లి కూనలా ఒక చిన్న మూలుగు, వెంటనే ఏడుపు. తల్లి గుండెల మీద పడుకోబెట్టి ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పాను. ఏడ్చిన బిడ్డకు బొడ్డు కోయడానికి తొందరపడకు, ఒక నిమిషం ఆగి రెండు చోట్ల క్లాంపు పెట్టి మధ్యలో కోయి. మావిని లాగకు. బిడ్డను చూసి మురిసిపోతూ తల్లిని మర్చిపోతాం, రక్తం ఎంత పోతోందో ఆ కాసేపు చూడాల్సింది నువ్వే.

సీపీఆర్ గురించి, అదే గుండె ఆగినవాడి ఛాతీ నొక్కడం గురించి, ఒక్క మాట. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, లోతు 5 సెంటీమీటర్లు, ఇది నీకు తెలుసు. నీకు తెలియనిది అలసట. రెండు నిమిషాలకు లోతు తగ్గిపోతుంది, నీకు తగ్గినట్టు తెలియదు. మొహమాటపడకుండా చేతులు మార్చుకోండి.

జనంతో పోట్లాడకు. అందరికంటే పెద్దగా అరిచేవాడి చేతికి టార్చో సెలైన్ సీసానో ఇవ్వు, చప్పున మన మనిషైపోతాడు. దెబ్బ తగిలినవాడికి సోడా తాగించబోతే ఆపు. మెడ కదలకుండా ఇద్దరు పట్టుకోకముందు ఎవరినీ ఎత్తనివ్వకు. నువ్వు ఎత్తేటప్పుడు నడుము వంచకు, మోకాళ్లు వంచు. నా నడుము పోయిందే అలా వంచి వంచి.

డ్యూటీ ఎక్కగానే ఆక్సిజన్ గేజ్ నీ కళ్లతో చూసుకో. "ఫుల్లే" అని దిగిపోయే షిఫ్ట్‌వాడు అన్న మాట నమ్మి ఒకసారి ఖాళీ సిలిండర్‌తో బయల్దేరాను. ఇంకా దాని గురించి రాయలేను.

కొందరు దారిలో పోతారు. పోయారని చెప్పాల్సింది డాక్టరు, నువ్వు కాదు. అలాగని "ఏం కాదు, బతుకుతాడు" అని కూడా అనకు, ఆ మాట వాళ్లు జన్మంతా గుర్తుపెట్టుకుంటారు. ఏం చేస్తున్నావో అది చెప్పు చాలు. ఆ రాత్రి బండి కడిగాక పైలట్‌తో టీ తాగు, జరిగింది మాట్లాడు. మాలో కొందరు మాట్లాడకుండా మందు మొదలుపెట్టారు, వాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. నిద్ర పట్టకపోతే, అదే మొహం మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే 14416కి చెయ్యి. టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్లకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, డబ్బులు అడగరు. లేదా నాకు చెయ్యి, అర్ధరాత్రయినా సరే. ఎలాగూ మెలకువగానే ఉంటాను, అలవాటు పోలేదు.

షిఫ్ట్ దిగగానే అమ్మకు ఒక మిస్డ్ కాల్ ఇవ్వు. నా కత్తెర అక్కతో పంపిస్తున్నాను, బట్టలు కోసేది. జీన్స్ ప్యాంటు కూడా తెగుతుంది. పిడి దగ్గర స్క్రూ వదులవుతుంటుంది, వారానికోసారి బిగించుకో.

మామయ్య