ఎక్కువ ఆవిరి వచ్చే స్టీమ్ ఐరన్ కొంటే బొంత ముక్కలు సరిగ్గా కలుస్తాయా?

రెండేళ్లుగా బట్టలు కుడుతున్నానని, ఇప్పుడు మొదటిసారి అతుకుల బొంత మొదలుపెట్టానని రాశారు. ముక్కలు ఒకదానికొకటి కలవడం లేదు, ఉన్న ఐరన్ నీళ్లు చిమ్ముతోంది, అందుకని బాగా ఆవిరి వచ్చే ఐరన్ కొందామనుకుంటున్నానన్నారు. నీళ్లు చిమ్మే ఐరన్ మార్చాల్సిందే. కానీ ఎక్కువ ఆవిరి వస్తే మాత్రం ముక్కలు కలవవండి. పైగా ఇంకా చెడతాయి. సరిగ్గా మీలాగే ఆలోచించి నేనూ ఒక ఐరన్ కొన్నాను కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను.

నాలుగేళ్ల క్రితం మంచం మొత్తం కప్పే బొంత ఒకటి మొదలుపెట్టాను. వరుసకు ఎనిమిది చొప్పున ఎనిమిది వరుసలు, మొత్తం 64 చదరాలు. ఒక్కో చదరం రెండు త్రికోణాలు కలిపి కుట్టింది. నాలుగు వరుసలు అయ్యాక పక్కపక్కన పరిచి చూస్తే మూలలు ఎక్కడా కలవలేదు. వరుస చివరికి వచ్చేసరికి ముప్పావు అంగుళం తేడా. కోత తప్పనుకుని మళ్లీ కోశాను. మిషన్‌లో దారం టెన్షన్ సరిచేశాను, సూది మార్చాను. ఏం చేసినా అదే తేడా. చివరికి ఒకే చదరాన్ని ఇస్త్రీకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలిచి చూశాను. కుట్టు వెంబడి మూల నుంచి మూలకు పావు అంగుళం సాగిపోయింది. తప్పు కత్తెరదీ కాదు, మిషన్‌దీ కాదు. నిండా ఆవిరి పెట్టి, కుట్టు మీద ఐరన్‌ని ముందుకీ వెనక్కీ లాగుతున్నాను. అదీ సంగతి.

చొక్కా ఇస్త్రీ చేసేటప్పుడు రుద్దుతాం. కుట్టేటప్పుడు రుద్దకూడదు, ఒత్తాలి. ఐరన్ ఎత్తి కుట్టు మీద పెట్టి, నాలుగైదు సెకన్లు ఉంచి, ఎత్తి పక్కన పెట్టాలి. దీనికి కారణం నూలులోనే ఉంది. పోగులోని అణువులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు తేమ, వేడి తగలగానే సడలుతాయి. ఆరి చల్లారేటప్పుడు బట్ట ఎలా ఉంటే అలా మళ్లీ బిగుస్తాయి. మడత నిలవడానికి ఆవిరి పనికొచ్చేది ఇందుకే. అదే సమయంలో బట్టను లాగితే ఆ సాగుడు కూడా అలాగే నిలిచిపోతుంది. క్రాస్‌లో, అంటే నేత పోగులకు ఏటవాలుగా కోసిన అంచుకి ఎలాగూ సాగే గుణం ఉంటుంది, ఆవిరి తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

అందుకే ఐరన్ కొనేటప్పుడు నేను మొదట చూసేది ఎంత ఆవిరి వస్తుందని కాదు, ఆవిరి పూర్తిగా ఆగుతుందా అని. నాబ్ సున్నాకి తిప్పితే చుక్క తేమ కూడా రాకూడదు. లేదా బటన్ నొక్కినప్పుడే ఆవిరి రావాలి. వేడెక్కగానే దానంతట అదే ఆవిరి వదిలే మోడల్ బట్టలకు హాయిగా ఉంటుంది కానీ బొంత పనికి వద్దు. చిన్న ముక్కలు కలిపేటప్పుడు నేను పొడిగానే ఒత్తుతాను. చదరం పూర్తయి, పొడవాటి కుట్లు వచ్చాకే ఆవిరి వాడతాను.

ఒత్తే పద్ధతి కూడా చెప్పేస్తాను, అది తెలియకుండా ఐరన్ గురించి మాట్లాడటం దండగ. కుట్టగానే ముక్కలు విప్పకండి. మూసి ఉన్నట్టే కుట్టు మీద ఒకసారి ఒత్తండి, దారం బట్టలో కుదురుకుంటుంది. తర్వాత ముదురు రంగు ముక్క పైకి వచ్చేలా తెరిచి, ఐరన్ మొనతో కుట్టు గీత దగ్గర మడత పూర్తిగా తెరుచుకునేలా ఒత్తండి. అక్కడ కాస్త మడత మిగిలిపోతే ఒక్కో కుట్టు దగ్గర అంగుళంలో పదహారో వంతు పోతుంది. ఎనిమిది చదరాల వరుసలో ఏడు కుట్లు ఉంటాయి. అంటే దాదాపు అర అంగుళం మాయం. పావు అంగుళం కుట్టు మార్జిన్‌తో చేసే పనిలో అర అంగుళం చిన్న విషయం కాదు. ఒత్తాక చల్లారేదాకా కదపకండి.

ఇక వాట్ల సంగతి. పెట్టె మీద నిమిషానికి ఇన్ని గ్రాముల ఆవిరి అని రాసి ఉంటుంది. అది నమ్మదగిన అంకేనా అని చిన్న లెక్కతో మీరే తేల్చుకోవచ్చు. 25 డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము నీటిని మరిగించి ఆవిరి చేయడానికి సుమారు 2,570 జౌళ్ల శక్తి కావాలి. నిమిషానికి 30 గ్రాములంటే సెకనుకు అర గ్రాము, అంటే ఒక్క ఆవిరికే దాదాపు 1,285 వాట్లు. కాబట్టి 1,200 వాట్ల ఐరన్ ఆపకుండా 30 గ్రాములు ఇవ్వలేదు. ఇవ్వబోతే అడుగు ప్లేటు చల్లబడుతుంది, మరగని నీళ్లు రంధ్రాల్లోంచి కారతాయి. మీ ఐరన్ చిమ్మడానికి ఒక కారణం ఇదే కావచ్చు. నా అనుభవంలో కుట్టు పనికి 1,700 నుంచి 2,400 వాట్ల మధ్యది బాగుంటుంది. అంతకన్నా ఎక్కువ వాట్లున్నవి బరువులోనూ ధరలోనూ పెరుగుతాయి, మన పనికి వచ్చే లాభం తక్కువ. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఇంత వాట్ల ఐరన్‌ని సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుకు పెట్టొద్దు. వైరు వేడెక్కుతుంది.

చిమ్మడానికి ఇంకో కారణం తక్కువ వేడి. ఐరన్ మీద, బట్టల లేబుళ్ల మీద చుక్కలుంటాయి కదా. ఒక చుక్కంటే 110 డిగ్రీల దాకా, రెండంటే 150, మూడంటే 200. ఒక చుక్క దగ్గర పెట్టి ఆవిరి ఆన్ చేస్తే చాలా ఐరన్లు కారతాయి, ఎందుకంటే లోపల పడ్డ నీళ్లు వెంటనే ఆవిరయ్యేంత వేడి అక్కడ ఉండదు. వేడి తగ్గగానే నీటిని ఆపే వాల్వ్ ఉన్నది తీసుకోండి. పట్టు మీద ఒక్క చుక్క పడితే మరక నిలిచిపోతుంది. తెలుపు పక్కన ఎరుపు ఉన్న చదరంలో చుక్క పడితే ఎరుపు దిగిపోయే ప్రమాదం ఉంది.

నాకు జరిగిన ఇంకో నష్టం నీళ్ల వల్లే. ఆ బొంత విప్పి మళ్లీ కుట్టి, చివరి తెల్ల అంచు ఒత్తుతుంటే ఐరన్ గోధుమ రంగు నీళ్లు కక్కింది. ఉప్పదనం ఎక్కువున్న నీళ్లు నెలల తరబడి పోశాను, లోపల పేరుకున్న సున్నం పొరలుగా విడిపోయి బయటకు వచ్చింది. ఆ రోజు ఏడుపొచ్చింది. అప్పటి నుంచి పని అయిపోగానే, ఐరన్ వెచ్చగా ఉండగానే ట్యాంకులో నీళ్లు పారబోసి, నిలబెట్టి ఆరనిస్తాను. ఏ నీళ్లు పోయాలన్నది మాత్రం మాన్యువల్ చూసే నిర్ణయించుకోండి. డిస్టిల్డ్ నీళ్లు మంచివని అందరూ అంటారు కానీ, కొన్ని ఐరన్లకు అవి ఒక్కటే పోయొద్దని, మామూలు నీళ్లతో సగం సగం కలపమని తయారీదారులే రాస్తారు. సున్నం పోవడానికి పోసే వెనిగర్ కూడా అంతే, కొన్నింటికి పడదు. సెల్ఫ్ క్లీన్ బటన్ ఉన్న ఐరన్ అయితే సగం దిగులు తగ్గుతుంది.

అడుగు ప్లేటు స్టీలా, సిరామిక్కా అని అడిగారు. నేను స్టీలే వాడతాను. కాలర్‌కి ఫ్యూజింగ్ క్యాన్వాస్ (బిగువు కోసం లోపల వేసే, వేడికి అంటుకునే జిగురు గుడ్డ) అతికించేటప్పుడు ఎప్పుడో ఒకసారి జిగురు ప్లేటుకి అంటుకుంటుంది. స్టీల్ అయితే చల్లారాక వంట సోడా ముద్దతో తుడిచేయొచ్చు, కోటింగ్ ఉన్న ప్లేటు మీద అలా రుద్దితే గీతలు పడతాయి. సిరామిక్ మీద నునుపుగా జారుతుంది, నిజమే. కానీ మనం జార్చే పని చేయడం లేదు కదా. అంతకన్నా ముఖ్యమైంది మొన. కాలర్ మూలలోకి, జేబు కుట్టులోకి వెళ్లేంత సన్నగా ఉండాలి. ఫ్యూజింగ్ ఎక్కువ చేస్తారంటే రంధ్రాలు తక్కువగా ఉన్న ప్లేటు మేలు. రంధ్రం ఉన్నచోట ఒత్తిడి పడదు, అక్కడ క్యాన్వాస్ అంటకుండా బుడగలా మిగిలిపోతుంది. అలా మిగిలితే ఐరన్ ఎత్తి కొంచెం పక్కకు జరిపి మళ్లీ పెట్టాలి.

బరువు మీ మణికట్టు బట్టి. పావు తక్కువ రెండు కిలోల ఐరన్ దాని బరువుతోనే ఒత్తుతుంది, కానీ 64 చదరాలకు కొన్ని వందల సార్లు ఎత్తి దించాలి. నేను కిలోన్నర దగ్గర ఆగాను.

ఆటో ఆఫ్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, పెట్టె మీద చాలామంది చూడనిది ఇదే. చాలా మోడళ్లలో ఐరన్ నిలబెట్టి వదిలేస్తే ఎనిమిది నిమిషాలకు, పడుకోబెట్టి వదిలేస్తే అర నిమిషానికి ఆగిపోతుంది. మనం పది ముక్కలు కుట్టి లేచి వచ్చేసరికి ఐరన్ చల్లగా ఉంటుంది. మళ్లీ వేడెక్కేదాకా నిలబడాలి, అది తెలియక చల్లటి ఐరన్ పెడితే నీళ్లు కారతాయి. రోజంతా ఇలా జరిగితే విసుగొచ్చి ఒత్తడమే మానేస్తాం. అలాగని ఆటో ఆఫ్ లేనిది కొనమని నేను చెప్పను. కుట్టు గదిలో గుడ్డ పేలికలు, దారాలు, దూది ఉంటాయి, మన ధ్యాస మిషన్ మీద ఉంటుంది. ఆగే సమయం ఎక్కువగా ఉన్నదో, మార్చుకోగలిగినదో వెతకండి. లేకపోతే ఐరన్‌ని మిషన్‌కి చేయి చాపితే అందే ఎత్తులో పెట్టుకోండి. కదిపిన ప్రతిసారీ టైమర్ మళ్లీ మొదలవుతుంది.

ట్యాంకు విడిగా ఉండే స్టీమ్ స్టేషన్లు కూడా చూశానన్నారు. కోట్లు, ఉన్ని బట్టలు, మందపాటి కర్టెన్లు కుట్టేవాళ్లకు అవి బంగారం. ఆవిరి ఒత్తిడితో మందంలోకి దిగుతుంది, చేతిలో ఉండే భాగం తేలిక. బొంతలూ ఇంట్లో వేసుకునే బట్టలూ కుట్టుకునే మీకు అంత అవసరం లేదు, చోటు కూడా బాగా తింటుంది. వైరు లేని ఐరన్ వద్దు. స్టాండు మీద నుంచి తీసిన క్షణం నుంచీ చల్లబడుతూనే ఉంటుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే ఆవిరి లేని బరువైన మామూలు ఐరన్, పక్కన సన్నగా చల్లే స్ప్రే సీసా. నేను ఏడాది పాటు వీటితోనే కుట్టాను, వచ్చిన కుట్లలో నాకు ఏ లోపమూ కనిపించలేదు. మీరు ఒత్తే బోర్డు గట్టిగా, చదునుగా ఉండాలి. మెత్తటి బోర్డు మీద ముక్క కుంగి వంకర పోతుంది. ఉన్ని ఫెల్ట్ చాప వేసుకుంటే వేడి కింద నుంచి కూడా తగులుతుంది. మందపాటి కుట్టు మీద ఆవిరి పట్టిన వెంటనే నునుపైన చెక్క ముక్కతో అదిమి పట్టుకుంటే కత్తితో గీసినట్టు నిలుస్తుంది. బొంత మధ్యలో పాలియెస్టర్ పొర పరిచాక మాత్రం వేడి ఐరన్ పెట్టకండి, ఆ పొర అణిగిపోయి మళ్లీ లేవదు.

కొత్త ఐరన్ రాగానే, వెనక్కి ఇచ్చే గడువు దాటకముందే పరీక్షించండి. 200 మిల్లీలీటర్లు పోసి, మూడు నిమిషాలు ఆపకుండా ఆవిరి వదిలి, మిగిలిన నీళ్లు కొలిస్తే నిమిషానికి ఎంతో తెలిసిపోతుంది. తర్వాత ముదురు రంగు నూలు గుడ్డ మీద ఒక చుక్క వేడి దగ్గర, ఆవిరి ఆపేసి, పది సెకన్లు ఉంచండి. తడి మచ్చ కనిపిస్తే మొహమాటం లేకుండా వెనక్కి పంపండి.

ఇప్పటికే సాగిపోయిన చదరాలు పారేయకండి. బోర్డు మీద పరిచిన గుడ్డపై కావలసిన కొలతతో చదరం గీసి, ముక్కను స్ప్రేతో తడిపి, నాలుగు మూలలూ ఆ గీతలకు సర్ది గుండుసూదులు గుచ్చండి. తల గాజుది అయితే వేడికి కరగదు. పై నుంచి ఆవిరి లేకుండా, లాగకుండా ఒత్తి, పూర్తిగా ఆరేదాకా అలాగే వదిలేయండి. ముక్క మీద నీటితో పోయే మార్కర్ గీతలుంటే వేడి పెట్టకముందే కడిగేయండి, ఇస్త్రీ పడితే అవి ఇక పోకపోవచ్చు. నా 64లో దాదాపు 50 ఇలా తిరిగి కొలతకు వచ్చాయి.